మంచి ఉద్దేశం ఒక్కటే సరిపోతుందా? జోన్ మెకార్డ్ పరిశోధన నుంచి తల్లిదండ్రులకు కొన్ని విషయాలు



పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మార్కుల సంగతి మాట్లాడుకున్నాక, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి లేవబోతూ కొంతమంది గొంతు తగ్గించి ఇంకో మాట అడుగుతుంటారు. "మావాడు ఈమధ్య అబద్ధాలు ఆడుతున్నాడు మేడమ్, కాస్త గట్టిగా భయం చెప్పండి." "ఫ్రెండ్స్ సరిగ్గా లేరు, హాస్టల్లో వేస్తే దారిలో పడతాడంటారా?" "సెలవుల్లో ఏదో పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్యాంప్ ఉందట, పంపమంటారా?"

ఈ ప్రశ్నలన్నిటి వెనకా ఉండే భయం ఒకటే. పిల్లవాడు చేయి దాటిపోతాడేమోనని. ఆ భయంలో మనకు తోచిన మంచి పని ఏదో ఒకటి వెంటనే చేసేస్తాం. అది నిజంగా మంచి చేసిందా లేదా అని వెనక్కి తిరిగి చూసుకునే తీరిక, ఓపిక చాలామందికి ఉండవు. అమెరికాలో ఒక ప్రొఫెసర్ మాత్రం దాదాపు తన ఉద్యోగ జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న మీదే పెట్టారు. ఆమె పేరు జోన్ మెకార్డ్. పిల్లలు తప్పుదారి ఎందుకు పడతారు, వాళ్లను ఆపడానికి మనం చేసే సాయం ఎంతవరకు పనిచేస్తుంది అన్న విషయం మీద ఆమె కనుగొన్న సంగతులు ఇప్పటికీ నేరశాస్త్రం చదివే ప్రతివాళ్లూ చదువుతారు. తల్లిదండ్రులుగా మీకూ, టీచర్లుగా మాకూ ఉపయోగపడే విషయాలు వాటిలో చాలా ఉన్నాయి. అందుకే ఈ నెల వాటి గురించి.

ఎవరీ జోన్ మెకార్డ్?

ఆమె 1930లో న్యూయార్క్‌లో పుట్టారు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఫిలాసఫీ డిగ్రీ చేశారు. తర్వాత ప్రైమరీ స్కూల్లో టీచర్‌గా పనిచేశారు. హార్వర్డ్‌లో ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్ చేశారు. మొదటి వివాహం విడాకులతో ముగిసింది. ఇద్దరు మగపిల్లలను పెంచుకుంటూనే మళ్లీ చదువుకుని 1968లో స్టాన్‌ఫర్డ్ నుంచి సోషియాలజీలో పీహెచ్‌డీ తీసుకున్నారు. ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీలో దాదాపు ఇరవై ఏళ్లు, ఆ తర్వాత అదే నగరంలోని టెంపుల్ యూనివర్సిటీలో 2004లో చనిపోయేదాకా పనిచేశారు. అమెరికన్ సొసైటీ ఆఫ్ క్రిమినాలజీకి అధ్యక్షురాలైన మొదటి మహిళ ఆమే.

బడిలో పాఠాలు చెప్పినవారు, పిల్లలను ఒంటరిగా పెంచినవారు కాబట్టి ఇల్లు, బడి అంటే ఏమిటో ఆమెకు పుస్తకాల్లోంచి మాత్రమే తెలిసిన విషయాలు కావు. అయినా తన సొంత అనుభవాన్నే రుజువుగా చూపించలేదు. లెక్కలు చూసి మాట్లాడడమే ఆమె పద్ధతి.

506 మంది అబ్బాయిలు

ఆమె పేరు చెప్పగానే గుర్తొచ్చే పరిశోధన ఒకటుంది. దాన్ని మొదలుపెట్టింది ఆమె కాదు, రిచర్డ్ క్లార్క్ క్యాబట్ అనే డాక్టర్. బోస్టన్‌లో పేరున్న వైద్యుడు, హార్వర్డ్ ప్రొఫెసర్. రోగికి మందు ఇస్తే చాలదు, అతని ఇంటి పరిస్థితి కూడా చూడాలి అని నమ్మి 1905లోనే ఆసుపత్రిలో సోషల్ వర్కర్లను పెట్టించిన మనిషి. మగపిల్లల విషయంలోనూ ఆయనకు అలాంటి నమ్మకమే ఉండేది. ఇబ్బందుల్లో ఉన్న పిల్లవాడికి మంచి పెద్దమనిషి స్నేహం కొన్నేళ్లపాటు దొరికితే వాడు నేరాల వైపు పోడని ఆయన అనుకున్నారు.

అందుకని బోస్టన్ పక్కనే ఉన్న కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ అనే రెండు ఊళ్లను ఎంచుకున్నారు. ఫ్యాక్టరీలు, ఇరుకు ఇళ్లు, కష్టపడి బతికే కుటుంబాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలవి. బడులు, పోలీసులు, సేవాసంస్థలు "ఈ పిల్లవాడితో కష్టమే" అని చెప్పినవాళ్లను తీసుకున్నారు. వాళ్లతోపాటు మామూలు పిల్లలనూ తీసుకున్నారు. లేకపోతే ఈ కార్యక్రమంలో ఉన్నాడంటేనే చెడ్డపిల్లవాడు అనే ముద్ర పడిపోతుంది కదా. చివరికి లెక్కలోకి వచ్చినవాళ్లు 506 మంది.

వీళ్లను జతలు జతలుగా పెట్టారు. వయసు, తెలివితేటలు, కుటుంబ పరిస్థితి, ఇరుగుపొరుగు, స్వభావం, అన్నీ వీలైనంత దగ్గరగా ఉండే ఇద్దరు అబ్బాయిలు ఒక జత. ప్రతి జతకూ బొమ్మా బొరుసూ వేశారు. ఒకరికి సాయం అందుతుంది, రెండోవారికి అందదు. అలా 253 మంది ఒక గ్రూపు, 253 మంది ఇంకో గ్రూపు అయ్యారు.

1939లో కార్యక్రమం మొదలైంది. అదే ఏడాది క్యాబట్ చనిపోయారు, కానీ పని ఆగలేదు. పిల్లల సగటు వయసు అప్పటికి పదిన్నరేళ్లు. ఒక్కో అబ్బాయికీ ఒక కౌన్సెలర్. సగటున నెలకు రెండుసార్లు ఇంటికి వచ్చేవారు. సగానికి పైగా పిల్లలకు చదువులో ట్యూషన్ చెప్పించారు. వందమందికి పైగా వైద్యసాయం, మానసిక వైద్యసాయం అందించారు. నాలుగోవంతు మందిని సమ్మర్ క్యాంపులకు పంపారు. బాయ్ స్కౌట్స్, వైఎంసీఏ లాంటి సంస్థల్లో చేర్పించారు. ఇంట్లో సమస్యలుంటే కౌన్సెలర్లు తల్లిదండ్రులతోనూ మాట్లాడేవారు. ఇలా సగటున అయిదున్నరేళ్లు సాగింది. యుద్ధకాలంలో కౌన్సెలర్లు ఒక్కొక్కరే సైన్యంలోకి వెళ్లిపోవడంతో కష్టమైనా, 1945 దాకా నడిపారు.

ఒక్కసారి ఆలోచించండి. కౌన్సెలింగ్, ట్యూషన్, హెల్త్ చెకప్, సమ్మర్ క్యాంప్, స్కౌట్స్. మనం ఈ రోజు పిల్లలకు మంచిది అనుకునేవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి, అదీ అయిదేళ్లపాటు ఉచితంగా.

బొమ్మా బొరుసూ ఎందుకు వేశారు?

ఇక్కడ ఒక నిమిషం ఆగుదాం. సాయం అవసరమైన పిల్లలకు సాయం చేయకుండా బొమ్మా బొరుసూ వేయడమేంటని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆ నాణెం లేకపోతే తర్వాతి కథే లేదు.

జలుబుకి మందు వేసుకుంటే వారంలో తగ్గుతుంది, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుంది అని మనవాళ్లు సరదాగా అంటుంటారు. ఆ సరదాలో పెద్ద విషయం ఉంది. మందు వేసుకున్నవాళ్లకు జలుబు తగ్గింది కాబట్టి మందు పనిచేసింది అనుకుంటే పొరపాటు. వేసుకోనివాళ్లకు ఏమైందో కూడా చూడాలి. పిల్లల విషయంలోనూ అంతే. ఎనిమిదో తరగతిలో అల్లరి చేసిన పిల్లలు చాలామంది పదో తరగతికి వచ్చేసరికి వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు. మధ్యలో ఏదో క్యాంపుకి పంపి ఉంటే పేరు ఆ క్యాంపుకి వెళ్తుంది. ఏమీ చేయని రెండో గ్రూపు ఉంటేనే అసలు తేడా తెలుస్తుంది.

ముప్ఫై ఏళ్ల తర్వాత

కార్యక్రమం అయిపోయిన కొన్నేళ్లకు, 1951లో వెలువడిన మొదటి లెక్కల్లో రెండు గ్రూపుల మధ్య నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. పిల్లలింకా చిన్నవాళ్లే, ఫలితం తర్వాత కనబడుతుందిలే అనుకున్నారు. 1950ల్లో జోన్ మెకార్డ్, అప్పటి ఆమె భర్త విలియం మెకార్డ్ కలిసి మళ్లీ చూశారు. అప్పుడూ మేలు కనబడలేదు. ఆ పని ఆధారంగా 1959లో వాళ్ల పుస్తకం వచ్చింది.

చాలామంది అక్కడితో వదిలేసేవారు. మెకార్డ్ వదల్లేదు. 1970ల మధ్యలో ఆ అబ్బాయిలందరినీ వెతకడం మొదలుపెట్టారు. అప్పటికి వాళ్లు నలభైలు దాటిన మనుషులు. కోర్టు రికార్డులు, ఆసుపత్రి రికార్డులు, మద్యం మాన్పించే కేంద్రాల రికార్డులు, మరణాల నమోదు పుస్తకాలు, అన్నీ చూశారు. బతికున్నవాళ్లకు ప్రశ్నపత్రాలు పంపారు. ముప్ఫై ఏళ్ల తర్వాత దాదాపు 95 శాతం మంది ఆచూకీ దొరికింది. కంప్యూటర్లు ఇంతగా లేని రోజుల్లో ఇది మామూలు పని కాదు.

1978లో ఫలితాలు ప్రచురించారు. సాయం అందుకున్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఆ కార్యక్రమం మాకు ఉపయోగపడింది అనే రాశారు. వీధుల్లో తిరగకుండా కాపాడిందన్నారు, నలుగురితో మెలగడం నేర్పిందన్నారు. కొంతమంది అప్పటి కౌన్సెలర్లను ప్రేమగా గుర్తుచేసుకున్నారు.

రికార్డులు మాత్రం వేరే మాట చెప్పాయి. నేరానికి శిక్షపడినవాళ్ల సంఖ్య రెండు గ్రూపుల్లోనూ దాదాపు సమానం. అంటే అనుకున్న మేలు జరగలేదు. అంతకన్నా పెద్ద విషయం, కొన్ని అంశాల్లో సాయం అందుకున్న గ్రూపే వెనకబడి ఉంది. ఒక నేరం చేసినవాళ్లు రెండోసారి కూడా చేయడం వాళ్లలో ఎక్కువ. మద్యానికి బానిసైన లక్షణాలు ఎక్కువ. తీవ్రమైన మానసిక అనారోగ్యం ఎక్కువ. బీపీ, గుండెజబ్బుల్లాంటి ఒత్తిడి సంబంధిత సమస్యలు ఎక్కువ. చనిపోయినవాళ్లలో చిన్న వయసులో పోయినవాళ్లు ఎక్కువ. చేస్తున్న ఉద్యోగాల స్థాయి తక్కువ, ఆ ఉద్యోగాల్లో తృప్తి కూడా తక్కువ.

బొమ్మా బొరుసూతో విడిపోయిన ఇద్దరు ఒకేలాంటి అబ్బాయిల్లో, సాయం అందినవాడి పరిస్థితి అందనివాడికన్నా మెరుగ్గా లేకపోగా కొన్ని చోట్ల దిగజారిందన్నమాట. మంచి మనసుతో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు ఇది వినడానికి కష్టమైన మాటే. చాలామందికి రుచించలేదు కూడా. తర్వాతి ఏళ్లలో మెకార్డ్ మరింత లోతుగా చూస్తే, కార్యక్రమంతో బాగా సహకరించిన కుటుంబాల పిల్లల్లోనే ఈ నష్టం కనబడింది. సాయం ఎక్కువ కాలం, ఎక్కువ మోతాదులో అందినకొద్దీ నష్టం కూడా పెరిగింది.

మనం గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి విషయం ఇది. "బాగుంది, నచ్చింది" అనేది ఒక మాట. "మేలు చేసింది" అనేది వేరే మాట. ఫీడ్‌బ్యాక్ ఫారంలో అయిదు నక్షత్రాలు పడినంత మాత్రాన పిల్లవాడికి ఉపయోగం జరిగిందని చెప్పలేం.

ఎందుకిలా జరిగింది?

మెకార్డ్ మొదట్లో రెండు మూడు కారణాలు ఊహించారు. కౌన్సెలర్ మీద ఆధారపడడం అలవాటై, ఆ ఆసరా ఒక్కసారిగా పోయేసరికి పిల్లలు తట్టుకోలేకపోయారేమో. తమ ఇంటి పరిస్థితికి అందని ఆశలు పెరిగి, అవి తీరక నిరాశ మిగిలిందేమో. నాకు సాయం అవసరమైంది కాబట్టి నాలో ఏదో లోపం ఉంది అనే భావన నాటుకుపోయిందేమో.

తర్వాత కాగితాలు మళ్లీ తిరగేస్తే గట్టి ఆధారం ఒకటి దొరికింది. అది సమ్మర్ క్యాంపులు. ముఖ్యంగా ఒకటికన్నా ఎక్కువసార్లు క్యాంపుకి వెళ్లిన అబ్బాయిల పరిస్థితి, జతలోని రెండో అబ్బాయితో పోలిస్తే బాగా దెబ్బతింది.

క్యాంపులో ఏం చెడ్డ ఉంటుంది? అక్కడ నేర్పే పాఠాల్లో చెడ్డ ఏమీ ఉండకపోవచ్చు. పాఠాల మధ్య, పడుకునేముందు, బస్సులో, భోజనాల దగ్గర పిల్లలు ఒకరికొకరు నేర్పుకునేది వేరే ఉంటుంది. ఓరెగాన్‌లో టామ్ డిషియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సరిగ్గా దీన్నే పరిశీలించారు. టీనేజ్ అబ్బాయిలు స్నేహితుడితో మాట్లాడుకుంటుండగా వీడియో తీసి చూశారు. తప్పుపనుల ముచ్చట్లు వచ్చినప్పుడు పక్కవాడు నవ్వితే ఆ ముచ్చట్లు పెరుగుతాయి. ఆ నవ్వే మెచ్చుకోలు. అలాంటి స్నేహాలున్న పిల్లల్లో తర్వాతి కాలంలో నేరాలు, మత్తు అలవాట్లు పెరిగాయి. సమస్యలున్న పిల్లలను ఒక గ్రూపుగా కూర్చోబెట్టి మంచి నేర్పాలని చేసిన ఒక కార్యక్రమంలో పొగతాగడం, తప్పు ప్రవర్తన తగ్గకపోగా పెరిగాయి. 1999లో డిషియన్, మెకార్డ్, ఫ్రాన్స్వా పులాన్ కలిసి ఈ రెండు పరిశోధనలనూ ఒకచోట పెట్టి ప్రచురించారు.

మనకిది కొత్త సంగతేమీ కాదు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మన పెద్దవాళ్లు ఎప్పుడో అన్నారు. కాకపోతే, సరిచేద్దామని మనమే పిల్లలను అలాంటి సావాసంలోకి పంపే ప్రమాదం ఉందని ఈ పరిశోధన చూపించింది.

భయపెడితే మారతారా?

1970ల్లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో రాహ్‌వే అనే జైలుకి దారితప్పుతున్న పిల్లలను తీసుకెళ్లేవారు. యావజ్జీవ ఖైదీలు వాళ్లమీద అరిచి, జైలు జీవితం ఎంత ఘోరంగా ఉంటుందో చెప్పి భయపెట్టేవారు. దీనిమీద వచ్చిన "స్కేర్డ్ స్ట్రెయిట్" అనే డాక్యుమెంటరీకి ఆస్కార్ కూడా వచ్చింది. చూసినవాళ్లందరూ ఇది తప్పకుండా పనిచేస్తుంది అనుకున్నారు. జేమ్స్ ఫింకెనావర్ అనే ప్రొఫెసర్ రెండు గ్రూపులుగా పెట్టి చూస్తే, జైలుకి వెళ్లొచ్చిన పిల్లలే తర్వాత ఎక్కువ నేరాలు చేశారు. ఇలాంటి కార్యక్రమాల మీద జరిగిన తొమ్మిది ప్రయోగాలను కలిపి చూసినా ఫలితం అదే దిశలో ఉంది. "ఒకసారి పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లి చూపిస్తే బుద్ధొస్తుంది" అని మన దగ్గర కూడా అంటుంటాం కాబట్టి ఇది చెప్తున్నాను. నష్టం చేసే చికిత్సలను దాచిపెట్టకూడదని, వాటిని కూడా ప్రచురించి నలుగురికీ చెప్పాలని మెకార్డ్ చివరిదాకా వాదించారు.

ఇంటి గురించి ఆమె కనుగొన్నది

ఇప్పటిదాకా చెప్పింది విని, అయితే ఏం చేసినా లాభం లేదా అని నిరాశపడకండి. అసలు ఆశ ఈ భాగంలోనే ఉంది.

కౌన్సెలర్లు ఇళ్లకు వెళ్లిన ప్రతిసారీ అక్కడ చూసింది రాసిపెట్టేవారు. తల్లి ఎలా మాట్లాడింది, తండ్రి ఏమన్నాడు, భార్యాభర్తల మధ్య గొడవలున్నాయా, బడి అయ్యాక అబ్బాయి ఎక్కడుంటాడో ఇంట్లో ఎవరికైనా తెలుసా, ఇలాంటివన్నీ. ఏ అబ్బాయి ఏమవుతాడో ఎవరికీ తెలియని రోజుల్లో రాసిన కాగితాలవి. దశాబ్దాల తర్వాత మెకార్డ్ ఆ నోట్స్‌ని పెద్దయ్యాక ఆ అబ్బాయిల నేర రికార్డులతో పోల్చి చూశారు. తల్లి ఆప్యాయత, ఆమె ఆత్మవిశ్వాసం, పిల్లవాడి మీద పెద్దవాళ్ల కనిపెట్టుకుని ఉండడం, తల్లిదండ్రుల మధ్య గొడవలు, ఇంట్లో కోపతాపాలు, తండ్రి నడవడిక. పదేళ్ల వయసులో ఇంట్లో ఇవి ఎలా ఉన్నాయో, నలభై ఏళ్లకు అతని జీవితంలో ఆ జాడ కనబడింది. తల్లి సమర్థంగా పెంచిన ఇళ్లలో చిన్న వయసు నేరాలు తక్కువగా ఉంటే, పెద్దయ్యాక చేసే నేరాల విషయంలో తండ్రి కుటుంబంతో ఎలా మెలిగాడన్నది ఎక్కువ ప్రభావం చూపింది. తండ్రులు కూడా దయచేసి ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

1982లో ఆమె ప్రచురించిన ఒక లెక్క నాకు బాగా నచ్చింది. నాలుగు రకాల ఇళ్ల నుంచి వచ్చిన అబ్బాయిల్లో ఎంత శాతం మంది నేరాలు చేశారో అందులో ఉంది.

• తండ్రి దూరమైన ఇల్లు, తల్లి ఆప్యాయత కూడా లేదు: 62 శాతం
• తల్లిదండ్రులిద్దరూ ఉన్నారు, కానీ ఎప్పుడూ గొడవలే: 52 శాతం
• ఇద్దరూ ఉన్నారు, గొడవల్లేవు: 26 శాతం
• తండ్రి దూరమైన ఇల్లు, కానీ తల్లి ఆప్యాయంగా చూసుకుంది: 22 శాతం

కష్టాల్లో ఉన్న ప్రాంతాల పిల్లలు కాబట్టి అన్ని అంకెలూ ఎక్కువగానే ఉన్నాయి. చూడాల్సింది వాటి మధ్య తేడా. ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నదానికన్నా ఇంట్లో వాతావరణం ఎలా ఉందన్నది ముఖ్యమని ఈ నాలుగు వరసలు చెప్తున్నాయి. మన స్కూల్లో ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న అమ్మలున్నారు. నాన్న గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉంటే అమ్మే అన్నీ చూసుకునే ఇళ్లున్నాయి. "తండ్రి లేని పిల్లాడు, చెడిపోతాడు" అనే మాట వాళ్లకు ఎక్కడో ఒకచోట వినబడుతూనే ఉంటుంది. ఆ మాటకు ఈ లెక్క జవాబు. అలాగే, పిల్లల కోసమే కలిసి ఉంటున్నాం అనుకుంటూ రోజూ వాళ్ల ముందు పోట్లాడుకునే ఇళ్లకు కూడా ఇందులో ఒక హెచ్చరిక ఉంది.

శిక్ష సంగతి

మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. నిజమే, చిన్నప్పుడే నేర్పాలి. కానీ ఆ మాటను దెబ్బలకు అనుమతిగా వాడుకుంటుంటాం. శిక్ష విలువనే ప్రశ్నిస్తూ మెకార్డ్ 1991లో ఒక వ్యాసం రాశారు. దెబ్బ పడుతుందని తప్పు మానేసిన పిల్లవాడు నేర్చుకునేది తన నొప్పిని లెక్కపెట్టుకోవడం. ఎదుటివాడికి కలిగిన బాధ గురించి ఆలోచించడం అతనికి అలవాటు కాదు. కొట్టేవాళ్లు లేనిచోట ఆ లెక్క మారిపోతుంది. విచిత్రంగా, ప్రతిదానికీ బహుమతి ఆశ చూపించడం కూడా ఇదే నేర్పుతుందని ఆమె అన్నారు. రెండింటిలోనూ "నాకేంటి?" అనే ప్రశ్నే మిగులుతుంది. పిల్లలు ఏ పని ఎందుకు చేయాలో పెద్దవాళ్ల మాటల నుంచి, చేతల నుంచి నేర్చుకుంటారన్నది ఆమె వాదన. మన దేశంలో విద్యాహక్కు చట్టం 2009 కింద బడిలో కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం. అందుకే "రెండు తగిలించండి మేడమ్" అన్నప్పుడు మేము కుదరదంటాం. చట్టం ఒక కారణం. ఆ పద్ధతి మనం కోరుకున్నది నేర్పదన్నది రెండో కారణం.

దీన్ని ఎలా అర్థం చేసుకోకూడదు?

ఒకటి, కౌన్సెలింగ్ పనికిరాదు అని కాదు. ఆందోళనతో, దిగులుతో ఉన్న పిల్లలకు అర్హత ఉన్న నిపుణుల సాయం తప్పకుండా తీసుకోవాలి. ఒక కార్యక్రమం విఫలమైతే అన్నీ విఫలమైనట్టు కాదు. దేన్నైనా పరీక్షించి చూడమన్నదే మెకార్డ్ మాట.

రెండు, అది 1940ల నాటి రెండు అమెరికా ఊళ్ల కథ, అందరూ మగపిల్లలే. ప్రతి అంకెనూ మన ఇళ్లకు నేరుగా అతికించకూడదు.

మూడు, పరిశోధన అక్కడితో ఆగలేదు. ఆ 506 మందిలో ఎక్కువమంది వృద్ధులై చనిపోయాక వేరే పరిశోధకులు మళ్లీ లెక్కలు చూసి 2019లో ప్రచురించారు. మరణాల విషయంలో రెండు గ్రూపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. అంటే మెకార్డ్ చూసిన నష్టాల్లో ఒకటి కాలక్రమంలో నిలబడలేదు. సైన్స్ పనిచేసే తీరే ఇది. ఇవన్నీ ఒక్క ఫలితాన్ని చూసి నిర్ణయానికి రాకూడదని మన పిల్లలకు చెప్పడానికి కూడా ఇది మంచి ఉదాహరణ.

మనం ఏం చేయవచ్చు?

పిల్లవాణ్ణి క్యాంపుకో, హాస్టల్‌కో, కోర్సుకో పంపేముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. అడిగేది మా స్కూల్‌నైనా సరే, మొహమాటపడకండి.

1. అక్కడ మా పిల్లవాడు ఎవరితో కలిసి ఉంటాడు? సమస్యలున్న పిల్లలందరినీ ఒకేచోట ఉంచుతారా, అందరితో కలుపుతారా?
2. క్లాసు లేని సమయంలో, ముఖ్యంగా సాయంత్రం, రాత్రి, దగ్గర పెద్దవాళ్లు ఎవరుంటారు?
3. ఇది పనిచేస్తుందని మీకెలా తెలుసు? వెళ్లినవాళ్లను వెళ్లనివాళ్లతో ఎప్పుడైనా పోల్చారా?
4. మా పిల్లవాడికి ఇది పడకపోతే ఆ సంగతి ఎవరు గమనిస్తారు, మాకెలా తెలుస్తుంది?

హాస్టల్ మంచిదా చెడ్డదా అని ఒక్క మాటలో చెప్పలేం. చదువు కోసం, దూరం వల్ల హాస్టల్లో ఉండి చక్కగా ఎదిగే పిల్లలు చాలామంది ఉన్నారు. శిక్షగా పంపడం మాత్రం వేరే సంగతి. నన్ను వదిలించుకున్నారు అని పిల్లవాడికి అనిపిస్తే, వాడు ఆప్యాయత ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్తాడు.

ఇక ఇంట్లో:

• బడి అయినప్పటి నుంచి పడుకునేదాకా పిల్లవాడు ఎక్కడున్నాడో, ఎవరితో ఉన్నాడో ఇంట్లో ఒక్క పెద్దవాళ్లకైనా తెలియాలి. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లయితే తాతయ్యో, అమ్మమ్మో, నమ్మకమైన పక్కింటివాళ్లో ఉండేలా చూసుకోండి. ఫోన్‌లో లొకేషన్ చూడడం కనిపెట్టుకుని ఉండడంతో సమానం కాదు.
• స్నేహితులను ఇంటికి రానివ్వండి. వాళ్ల పేర్లు, వాళ్ల తల్లిదండ్రుల పేర్లు తెలుసుకోండి. "వాడితో తిరగకు" అనడం కన్నా, మీ కళ్లముందు తిరగనివ్వడం మేలు.
• గొడవలు రాని ఇల్లుండదు. పిల్లల ముందు అరుపులు, తిట్లు, చేయి చేసుకోవడం వద్దు. మాట్లాడుకుని సర్దుకోవడం మాత్రం వాళ్ల ముందే చేయండి, అది కూడా వాళ్లు నేర్చుకుంటారు.
• తప్పు చేసినప్పుడు దానివల్ల ఎవరికి ఏం కష్టం కలిగిందో మాట్లాడండి. చేసినదాన్ని సరిదిద్దే పని ఒకటి అప్పజెప్పండి. పగలగొట్టినది బాగుచేయించడం, ఎదుటివాళ్ల దగ్గరకు వెళ్లి క్షమించమని అడగడం లాంటివి.
• నాన్నలు వారంలో కొంత సమయం పిల్లల కోసమే పెట్టుకోండి. ఆ సమయంలో మార్కుల ప్రస్తావన వద్దు.

ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు, బ్రోచర్‌లో వేసుకునేంత ఆకర్షణగానూ ఉండవు. 1940ల్లో ఎవరో కౌన్సెలర్లు ఇళ్లకు వెళ్లి రాసుకున్న నోట్స్‌లో, దశాబ్దాల తర్వాత కూడా జాడ కనబడినవి ఇవే.

మీ అబ్బాయి గురించో, అమ్మాయి గురించో ఇలాంటి దిగులు ఏదైనా ఉంటే పేరెంట్-టీచర్ మీటింగ్ దాకా ఆగక్కర్లేదు. డైరీలో ఒక మాట రాయండి, కూర్చుని మాట్లాడుకుందాం. మేము ఇచ్చే సలహాను కూడా పై నాలుగు ప్రశ్నలతో పరీక్షించండి. రెండు మూడు నెలలయ్యాక అది పనిచేసిందా లేదా అని మళ్లీ కలిసి చూద్దాం. పనిచేయకపోతే ఆ పద్ధతి మార్చుకుందాం.

— ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం